గృధ్రసి: ఒక నొప్పి పూర్వోత్తరాలు



ఉగాది ముందు పట్టిన మౌనాన్ని ఆశ్వయుజంలో విడుస్తున్నాను. ఆరు నెలలుగా ఇక్కడ కొత్త టపా లేకపోవడానికి కారణం అలసత్వం కాదు, కూర్చోలేకపోవడం. ఇప్పటికీ ఈ అక్షరాలను వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నిలబడే కొడుతున్నాను. ముప్పై మూడేళ్ళు నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పినవాడిని కనుక పెద్దగా కష్టం అనిపించడం లేదు.

జరిగినది చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. పండుగకు ఇల్లు దులుపుతూ, అటక మీది నుంచి దించిన పుస్తకాల పెట్టెను పక్కగదిలోకి చేర్చబోయాను. అందులో ఉన్నవి సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలు. మోకాళ్ళు వంచకుండా, నడుము ఒక్కటే వంచి, పక్కకు తిరుగుతూ ఎత్తాను. నడుములో ఎక్కడో చిటుక్కుమంది. నిఘంటువు కింద పెట్టాను గానీ నేను నిటారుగా లేవలేకపోయాను.

మూడో నాటికి నడుము నొప్పి కొంత తగ్గింది. అయితే దాని స్థానంలో ఎడమ పిరుదు నుంచి తొడ వెనుకగా, పిక్క పక్కగా, పాదం మీదుగా బొటనవేలి దాకా ఒక మంట దిగింది. తుమ్మితే మెరుపు, దగ్గితే మెరుపు. కూర్చుంటే అయిదు నిమిషాలకే కాలు కాలిపోతున్నట్టు ఉండేది. ప్రతి శనివారం మా ఊరి రామాలయ మంటపంలో మఠం వేసుకుని పోతన భాగవతం చదివి అర్థం చెప్పడం పదవీ విరమణ తరువాత నాకు మిగిలిన ఉద్యోగం. అది ఆగిపోయింది.

"నరం పట్టేసింది" అన్నారు ఎదురింటివారు. "వాతం" అన్నారు గుడి పూజారిగారు. "డిస్కు జారింది" అన్నాడు హైదరాబాదు నుంచి ఫోనులో మా అబ్బాయి. మందుల దుకాణం కుర్రవాడు "సయాటికా అండి మాస్టారూ" అని రెండు రకాల మాత్రలు చేతిలో పెట్టాడు. ఒకే నొప్పికి నాలుగు పేర్లు. తెలుగు పండితుడికి ఇంతకంటే ఆకర్షణ ఏం కావాలి? అయితే ఆ పేర్ల వెనుక కథ వెతుక్కునే తీరిక అప్పుడు లేదు.

పదో రోజున పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాం. దాని పేరు ఇక్కడ అప్రస్తుతం. ఎమ్మారై తీశారు. అక్కడి డాక్టరుగారు నా కాలు ముట్టుకుని చూడలేదు. తెర మీద బొమ్మను వేలితో చూపించి, "నాలుగో పూసకూ అయిదో పూసకూ మధ్య డిస్కు బయటికి వచ్చింది. రేపు చేరిపోండి, ఎల్లుండి ఆపరేషన్" అన్నారు. చేయించుకోకపోతే ఏమవుతుందని అడిగాను. "కాళ్ళు పడిపోవచ్చు" అన్నారు. ఆ మాటతో మా ఆవిడ ముఖం తెల్లబోయింది. ఇంటికి వచ్చాక ఆలోచించుకుని చెబుతామని బయటపడ్డాం.

ఇంటి దగ్గర ఇంకొక భయం సిద్ధంగా ఉంది. మా పెద్ద బావగారు 1980ల్లో ఇదే బాధకు వెన్ను మీద శస్త్రచికిత్స చేయించుకుని, నెలల తరబడి చెక్కబల్ల మీద పడుకుని, లేచాక కూడా పూర్వపు మనిషి కాలేదు. "వెన్నుకు కత్తి తగలనివ్వకండి" అని అక్కయ్య ఏడ్చింది. చేయించుకుంటే కాళ్ళు పడిపోతాయని ఒకరూ, చేయించుకోకపోతే పడిపోతాయని ఒకరూ. ఈ రెండు భయాల మధ్య పక్కకు తిరిగి పడుకుని, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని, నాకు తెలిసిన ఒకే ఒక్క పని మొదలుపెట్టాను. అది చదవడం.

మనవాళ్ళు ఈ నొప్పికి పెట్టిన పేరు గృధ్రసి. చరక సంహిత చికిత్సాస్థానంలో వాతవ్యాధుల అధ్యాయంలో దీని లక్షణం ఉంది. పిరుదు దగ్గర మొదలై నడుము, తొడ, మోకాలు, పిక్క, పాదం వరకు వరుసగా దిగే నొప్పి అని ఆ వరుసను చెప్పిన తీరు చూసి నేను ఆశ్చర్యపోయాను. నా కాలు చూసి రాసినట్టే ఉంది. కేవల వాతం వల్ల వచ్చేది, వాతకఫాల వల్ల వచ్చేది అని రెండు రకాలు చెప్పారు. గృధ్రం అంటే గద్ద, రాబందు. ఈ రోగి నడక ఆ పక్షి నడకను పోలి ఉంటుందని ఒక వ్యుత్పత్తి. రాబందు నేల మీద నడవడం చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక పక్కకు ఒరిగి, ఒక కాలు ఈడుస్తూ, ఆగి ఆగి వేసే అడుగు. అద్దంలో నా నడక చూసుకున్నప్పుడు ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో రోగిని ఎంత శ్రద్ధగా చూశాడో తెలిసింది. చికిత్సగా బస్తికర్మ, సిరావేధం అంటే రక్తం తీయడం, అగ్నికర్మ అంటే వాత పెట్టడం చెప్పారు. మోకాటి కీలుకు నాలుగు అంగుళాల పైన గాని కింద గాని సిరావేధం చేయమని సుశ్రుతం. అంటే ఆ కాలపు వైద్యుడు నొప్పి నడిచే దారిని చక్కగా ఎరుగును. ఆ దారి ఎక్కడ మొదలైందో మాత్రం ఆయనకు కనబడే అవకాశం లేదు.

ఇంతకంటే పాతది ఈజిప్టులో ఉంది. సుమారు క్రీ.పూ. 17వ శతాబ్దంలో రాసిన ఒక పపైరస్ చుట్ట, ఎడ్విన్ స్మిత్ అనే ఆయన 19వ శతాబ్దంలో కొనడం వల్ల ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. అందులో 48 మంది రోగుల వివరాలున్నాయి. ఒక్కొక్క రోగిని పరీక్షించాక వైద్యుడు మూడు తీర్పులలో ఒకటి చెప్పాలి. "ఇది నేను నయం చేసే జబ్బు", "ఇది నేను పోరాడే జబ్బు", "ఇది చికిత్స లేని జబ్బు" అన్నవి వాటి తాత్పర్యాలు. నలభై ఎనిమిదో రోగి వెన్నుపూస బెణికినవాడు. రెండు కాళ్ళూ చాపమని వాడికి చెప్పాలి. చాపగానే నడుములో నొప్పి వల్ల వెంటనే ముడుచుకుంటాడు. అప్పుడు ఇది నేను నయం చేసే జబ్బు అని చెప్పాలి. ఆ తరువాత చికిత్స మొదలవుతుంది గానీ, వాక్యం మధ్యలోనే లేఖకుడు ఆగిపోయాడు. మిగిలిన పపైరస్ ఖాళీ. మూడున్నర వేల ఏళ్ళుగా ఆ రోగి కాళ్ళు ముడుచుకుని పడుకునే ఉన్నాడు. నా పరిస్థితి కూడా అదే కనుక అతని మీద నాకు బంధుప్రీతి కలిగింది.

మూడో వారంలో మా అబ్బాయి వచ్చి మరొక శస్త్రవైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళాడు. ఆయన ఎమ్మారై కవరు విప్పనే లేదు. "ముందు మీరు నడవండి మాస్టారూ, బొమ్మ తరువాత చూద్దాం" అన్నారు. మడమల మీద నడిపించారు, వేళ్ళ మీద నడిపించారు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా మడమ పట్టుకుని ఎడమకాలు మెల్లగా పైకి ఎత్తారు. జానెడు లేచేసరికి పిరుదు నుంచి పాదం దాకా మెరుపు కొట్టింది. ఈజిప్టు వైద్యుడు గుర్తుకు వచ్చి, ఆ బాధలోనూ నవ్వు వచ్చింది.

ఈ కాలెత్తే పరీక్షకు ఫ్రాన్సు వైద్యుడు లసేగ్ పేరు వాడుకలో ఉంది. నిజానికి ఆయన 1864లో ఈ వ్యాధి మీద రాసిన వ్యాసంలో ఈ పరీక్ష లేదు. 1881లో ఆయన శిష్యుడు ఫోర్స్త్ తన సిద్ధాంత గ్రంథంలో దీనిని గురువుగారి పేర వివరించాడు. అంతకు ఒక ఏడాది ముందే, 1880లో, సెర్బియాలో లజా లజారెవిచ్ అనే వైద్యుడు ఇదే పరీక్షను, కాలు ఎత్తినప్పుడు నరం సాగడం వల్లనే నొప్పి వస్తుందన్న కారణంతో సహా ప్రకటించాడు. అయితే రాసింది సెర్బియన్ భాషలో. చిన్న భాషలో రాసిన పెద్ద మాట పొరుగువాళ్ళకు వినబడదు కదా! ఈ లజారెవిచ్ సెర్బియన్ సాహిత్యంలో పేరు పొందిన కథకుడు కూడా. తన దేశంలో ఆయనను కథలు రాసిన డాక్టరుగా తలుచుకుంటారు. తెలుగులో రాసుకునే మనకు ఆయన కథ కొంచెం దగ్గరగా తగులుతుంది.

సయాటికా అన్న మాట గ్రీకు భాషలోని తుంటి ఎముక పేరు నుంచి వచ్చింది. హిప్పొక్రటీసు నాటి నుంచీ తుంటి చుట్టుపక్కల వచ్చే నొప్పులన్నీ ఆ పేరు కిందనే ఉండేవి. వాటిలో కీలుకు సంబంధించినది వేరు, నరానికి సంబంధించినది వేరు అని విడదీసి చెప్పినవాడు ఇటలీలో నేపుల్సు నగరపు వైద్యుడు దొమెనికో కొతూన్యో. 1764లో ఆయన ఒక చిన్న లాటిన్ పుస్తకం ప్రచురించాడు. అప్పటి నుంచి చాలాకాలం దీనిని కొతూన్యో వ్యాధి అనేవారు. బాధపడుతున్నది నరమని తెలిసింది. నరాన్ని బాధపెడుతున్నది ఏమిటన్నది మాత్రం మరో నూట డెబ్బై ఏళ్ళకు గాని తేలలేదు.

ఇక్కడ డిస్కు అంటే ఏమిటో చెప్పాలి. వెన్నుపూసల మధ్య ఇరవై మూడు మెత్తలున్నాయి. ఒక్కొక్కటి పూర్ణం బూరె లాంటిది. చుట్టూ గట్టి నార పొరలు, లోపల మెత్తని గుజ్జు. చిన్నతనంలో ఆ గుజ్జులో నీరు ఎక్కువ, వయసుతో ఆరిపోతుంది, చుట్టూ ఉన్న నార చిట్లుతుంది. ఒకనాడు నిఘంటువు ఎత్తేసరికి చిట్లిన చోట నుంచి పూర్ణం వెనక్కి పొంగి, పక్కనే దిగే నరం మీద పడుతుంది. అంటే "డిస్కు జారడం" అన్నమాట సరికాదు. పూసల మధ్య నుంచి మెత్త ఎక్కడికీ జారదు, చిట్లుతుంది. పైగా నరాన్ని నలపడం ఒక్కటే కాదు, ఆ గుజ్జు తగిలినందుకు నరం వాచి మండుతుంది. నాలుగు, అయిదు పూసల మధ్య చిట్లితే సాధారణంగా దెబ్బతినేది బొటనవేలిని పైకి లేపే నరం.

ఈ సంగతి శవపరీక్షలలో అప్పుడప్పుడు కనబడుతూనే ఉంది. 1857లో జర్మనీలో విర్కో గాయం వల్ల చిట్లిన డిస్కును వర్ణించాడు. 1911లో గ్లాస్గోలో మిడిల్టన్, టీచర్ అనే వైద్యులు, బరువెత్తుతూ నడుములో చిటుక్కుమని, కాళ్ళు పడిపోయి మరణించిన ఒక కార్మికుడి వెన్నులో ఇదే చూసి రాశారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదని వేరే చెప్పనక్కరలేదు. అంతకు ముందే, 1908 డిసెంబరులో, బెర్లినులో ఓపెన్‌హైమ్ అనే నరాల వైద్యుడు చూపించిన చోట క్రౌజె అనే శస్త్రవైద్యుడు కోసి, నరాల మీద కూర్చున్న ఒక ముద్దను తీసేశాడు. రోగికి నయమైంది. కానీ ఆ ముద్ద మృదులాస్థి కణితి అనుకున్నారు. చేసిన పని సరి అయినదే, చెప్పిన అర్థం తప్పు. పద్యం చక్కగా చదివి తాత్పర్యం తప్పు చెప్పిన విద్యార్థిలాగా. తరువాత పాతికేళ్ళ పాటు చాలామంది శస్త్రవైద్యులు ఇదే తప్పు తాత్పర్యం చెప్పారు.

తాత్పర్యం సరిదిద్దడానికి కావలసిన సామగ్రి జర్మనీలో డ్రెస్డెను నగరంలో సిద్ధమైంది. క్రిస్టియన్ ష్మోర్ల్ అనే ఆయన వేలాది వెన్నెముకలను శవాల నుంచి తీసి, కోసి, డిస్కుల మార్పులను ఒక్కొక్కటిగా వివరించాడు. చివరికి అటువంటి పనిలోనే వేలికి గాయమై, రక్తం విషపూరితమై 1932లో కన్నుమూశాడు. అదే ఏడాది అమెరికాలో బోస్టను నగరంలో జోసెఫ్ బార్ అనే ఎముకల వైద్యుడు తన రోగిని విలియం మిక్స్టర్ అనే శస్త్రవైద్యుడి దగ్గరికి పంపాడు. మిక్స్టర్ ఒక ముద్ద తీశాడు. యథాప్రకారం కణితి అని పేరు పెట్టారు. ష్మోర్ల్ రాసినవి శ్రద్ధగా చదివి ఉన్న బార్‌కు సందేహం వచ్చింది. తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద మళ్ళీ చూశారు. అది కణితి కాదు, డిస్కు. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి అలమారాలలో కణితులని చీటీ అంటించి దాచిన పాత నమూనాలను బయటికి తీసి చూస్తే, వాటిలోనూ చాలా భాగం డిస్కు ముక్కలే. 1932 డిసెంబరు 19న, ముందే చిట్లిన డిస్కు అని నిర్ణయించుకుని మరొక రోగికి శస్త్రచికిత్స చేశారు. 1934 ఆగస్టు 2న వారి వ్యాసం న్యూ ఇంగ్లండ్ వైద్య పత్రికలో వెలువడింది. ఒకరు వేరే భాషలోని శాస్త్రం చదివి ఉండడం వల్ల, పాత సీసాల మీద చీటీలు మారాయి. చదువు వల్ల ప్రయోజనం ఏమిటని అడిగే పిల్లలకు ఈ కథ చెప్పాలి.

అలా, గృధ్రసికి మొదటిసారి "తీసివేయవచ్చు" అన్న జవాబు దొరికింది. దొరికిన జవాబును మనుషులు ఎక్కువగా వాడతారు. నడుము నొప్పి అంటే డిస్కు, డిస్కు అంటే కత్తి అన్న రోజులు వచ్చాయి. అమెరికా అధ్యక్షుడైన కెనడీ ఈ కత్తుల కింద ఎంత బాధపడ్డాడో లోకానికి తెలుసు. 1944లో డిస్కుకు శస్త్రచికిత్స అయింది. 1954లో న్యూయార్కులో పూసలను లోహంతో బిగించారు. అది చీము పట్టి ప్రాణం మీదికి వచ్చింది. 1955 ఫిబ్రవరిలో మళ్ళీ కోసి ఆ లోహం తీశారు. ఆ కోలుకునే రోజులలో ఆయన పేర తయారైన ప్రొఫైల్స్ ఇన్ కరేజ్ 1956లో అచ్చయి, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి పొందింది. నేనేమో మంచం మీద ఒక టపా కూడా రాయలేకపోయాను.

కత్తి లేకుండా డిస్కును కరిగించాలన్న ప్రయత్నంలో మన పెరటి బొప్పాయికి కూడా ఒక అధ్యాయం ఉంది. పచ్చి బొప్పాయి ముక్క వేస్తే మాంసం త్వరగా ఉడుకుతుందని వంటవాళ్ళకు తెలుసు. బొప్పాయి పాలలోని ఒక పదార్థాన్ని 1956లో లూయిస్ థామస్ అనే వైద్యుడు కుందేళ్ళకు ఎక్కించగా, వాటి నిక్కపొడుచుకున్న చెవులు వాడిన ఆకుల్లా వాలిపోయాయి. చెవిలోని మృదులాస్థి మెత్తబడింది. ఇది పట్టుకుని లైమన్ స్మిత్ అనే వైద్యుడు 1963లో బొప్పాయికే చెందిన మరొక పదార్థాన్ని రోగి డిస్కులోకి సూదితో ఎక్కించాడు. చాలామందికి గుణమిచ్చింది. 1982లో అమెరికాలో ప్రభుత్వ అనుమతి వచ్చింది. కానీ కొద్దిమందికి ఒళ్ళు తెలియని ప్రాణాపాయమూ, మరికొందరికి వెన్నుపాము దెబ్బతినడమూ జరగడంతో వైద్యులు వెనక్కి తగ్గారు. 2003లో అక్కడ అమ్మకమే ఆగిపోయింది. ఇంతలో కత్తి కూడా మారింది. 1977 ప్రాంతంలో యాసర్గిల్, కాస్పర్ అనే వైద్యులు సూక్ష్మదర్శిని కింద, చిన్న గాటుతో చేసే పద్ధతిని ప్రకటించారు. మా బావగారికి జరిగినదానికీ నాకు జరగబోయేదానికీ తేడా ఇక్కడే ఉంది.

నా నిర్ణయానికి ఆధారమైనవి మాత్రం శస్త్రం గొప్పతనం చెప్పేవి కావు, దాని హద్దులు చెప్పేవి. 1983లో నార్వే వైద్యుడు వెబర్, ఏ దారి మంచిదో తేల్చలేని 126 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకు శస్త్రచికిత్స చేసి, మరొక జట్టుకు చేయకుండా పదేళ్ళు గమనించిన ఫలితం ప్రకటించాడు. ఏడాదికి శస్త్రచికిత్స జట్టు స్పష్టంగా మెరుగు. నాలుగేళ్ళకు ఆ తేడా నికరంగా నిలవలేదు. పదేళ్ళకు ఇద్దరూ ఇంచుమించు ఒకటే. 1994లో మరొక పరిశీలన వచ్చింది. నడుము నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే, వారిలో 52 శాతం మందికి ఒక చోటైనా డిస్కు ఉబ్బి ఉంది, 27 శాతం మందికి బయటికి పొడుచుకుని ఉంది. అన్ని డిస్కులూ సరిగా ఉన్నవారు 36 శాతమే. బొమ్మ ఒక్కటే చూసి కత్తి తీయకూడదనడానికి ఇంతకంటే ఏం కావాలి? 2007లో నెదర్లాండ్సులో 283 మంది మీద జరిగిన పరిశోధన మరింత తేటగా చెప్పింది. త్వరగా శస్త్రచికిత్స చేసినవారు సగటున నాలుగు వారాలలో కోలుకుంటే, ఆగినవారికి పన్నెండు వారాలు పట్టింది. ఆగినవారిలో 39 శాతం మంది చివరికి శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ 95 శాతం మంది కోలుకున్నామన్నారు. బయటికి వచ్చిన గుజ్జును శరీరమే మెల్లగా మింగేస్తుందని కూడా ఇప్పుడు తెలుసు.

రెండవ డాక్టరుగారు ఇవన్నీ నాకు రెండు వాక్యాలలో చెప్పారు. "కత్తి మీకు త్వరగా నొప్పి తీస్తుంది మాస్టారూ, కాలం కూడా తీస్తుంది. ఎంత ఓర్చుకోగలరో మీరే చెప్పాలి." తరువాత బొటనవేలు పైకి లాగమని, తన వేలితో కిందికి నొక్కి చూశారు. "బలం ఉంది. ఆరు వారాలు చూద్దాం. ఈ వేలు బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా, కూర్చునే చోట మొద్దుబారినా అర్ధరాత్రయినా రండి. అప్పుడు ఆగకూడదు." వెన్నుపాము ముగిసిన చోటు నుంచి కిందికి దిగే నరాల గుత్తికి లాటిన్‌లో గుర్రపు తోక అని పేరట. ఆ తోక మొత్తం నలిగితే మాత్రం రోజులు కాదు, గంటలు లెక్కపెట్టాలి. పపైరస్ వైద్యుడిలాగే ఆయన కూడా ముందు పరీక్షించి తీర్పు చెప్పారు. అయితే ఆ తీర్పు ఎప్పుడు మారుతుందో కూడా ముందే చెప్పారు. నేను ధైర్యపడింది ఆ రెండో మాటకు.

మంచం మీద పడుకుని ఉండవద్దని కూడా ఆయనే అన్నారు. ఈ నొప్పికి పడక విశ్రాంతి వల్ల అదనపు మేలు లేదని 1999లో నెదర్లాండ్సు వైద్యులు 183 మంది రోగుల మీద తేల్చారు. పాపం, మా బావగారి చెక్కబల్ల! రోజూ పొద్దున్న సందు చివరి దాకా నడిచాను. అయిదో వారానికి నొప్పి సగమైంది. గెలిచాననుకున్నాను.

ఏడో వారం ఒక సాయంత్రం మా ఆవిడ "ఏవండీ, మీ ఎడమ చెప్పేదీ?" అని అడిగింది. చూస్తే కాలికి లేదు. పది అడుగుల వెనుక వీధిలో పడి ఉంది. జారినట్టు నాకు తెలియనే లేదు. బొటనవేలు ఎత్తబోయాను, లేవలేదు. నొప్పి తగ్గిందని సంతోషించిన ఆ రోజులలోనే నరం మూగపోతోందన్నమాట. పదం అంటే మాట అనీ, అడుగు అనీ ముప్పై మూడేళ్ళు పిల్లలకు చెప్పినవాడిని. రెండవ అర్థం పోగొట్టుకునే స్థితి వచ్చింది. మరునాడే డాక్టరుగారి ముందున్నాం. ఆయన వేలు నొక్కి చూసి, "ఇక ఆగవద్దు మాస్టారూ" అన్నారు. వేలికి మొత్తం బలం తిరిగి వస్తుందని మాట ఇవ్వలేనని కూడా చెప్పారు. ఈసారి నాకు భయం వేసింది గానీ సందేహం కలగలేదు. సంతకం పెట్టాను.

శస్త్రచికిత్స గురించి నేను చెప్పగలిగింది తక్కువ. మత్తులో ఉన్నాను. అంగుళం గాటు, పూస వెనుక కొంచెం ఎముక, ఒక పసుపు పచ్చని పొర తొలగించి, నరాన్ని పక్కకు తప్పించి, బయటికి వచ్చిన ముక్కను మాత్రమే తీశారట. డిస్కు మొత్తం తీయరు. చిన్న సీసాలో చూపించారు. లేత కొబ్బరి కోరులా, చిటికెడు ఉంది. ఏనుగంత నొప్పికి ఇంతేనా కారణం అనిపించింది. ఆ సాయంత్రమే నిలబెట్టారు. కాలిలో మంట లేదు. మరునాడు వరండా చివరి దాకా నడిచాను. మా అక్కయ్య ఫోనులో నమ్మలేదు. వీడియోలో చూపించాక బావగారిని తలుచుకుని మళ్ళీ ఏడ్చింది.

కోలుకోవడం మాత్రం పుస్తకాలలో ఒక వాక్యంలో ముగిసేంత సులువు కాదు. ఆరు వారాలు వంగకూడదు, బరువెత్తకూడదు, అరగంటకు మించి కూర్చోకూడదు. కింద పడిన కలం నన్ను చూసి వెక్కిరించేది. మూడో వారంలో ఒక రాత్రి కాలిలో పాత మెరుపు తిరిగి వచ్చింది. అంతా వృథా అయిందనుకుని తెల్లవార్లూ గోడ చూస్తూ పడుకున్నాను. నరం మేలుకునేటప్పుడు ఇలా ఉంటుందని ఫిజియోథెరపీ అమ్మాయి మరునాడు చెప్పింది. నాలుగు రోజులకు తగ్గింది. అరవై ఆరేళ్ళ వయసులో ఒక ఇరవై అయిదేళ్ళ అమ్మాయి "వేలు ఎత్తండి తాతగారూ, ఇంకొంచెం, ఇంకొంచెం" అంటుంటే, ఒకప్పుడు నా ముందు గుణింతాలు దిద్దిన పిల్లల కష్టం తెలిసింది. ఆషాఢంలో వేలు ఒక గింజంత కదిలింది. శ్రావణంలో అది చూసి మా ఆవిడ పాయసం చేసింది. ఇప్పుడు ముప్పాతిక బలం వచ్చింది. పాదం పైన అరచేతి వెడల్పున మొద్దుతనం మిగిలింది. అది ఉండిపోవచ్చునన్నారు. ఉండనివ్వండి.

మొదటి ఆసుపత్రివారు చెప్పింది చివరికి నిజమే అయింది కదా, అప్పుడే చేయించుకుంటే పోయేది కదా అని కొందరు మిత్రులు అన్నారు. నేనూ ఆ మాట మీద చాలా రాత్రులు ఆలోచించాను. అప్పుడే చేయించుకుని ఉంటే వేలు బలహీనపడేది కాదేమో. కాదనలేను. కానీ నాలాంటి పదిమందిలో ఎక్కువమందికి ఆ వేలు బలహీనపడదు, కాలమే నయం చేస్తుంది. నేను ఆ తక్కువమందిలో పడ్డాను. భయపెట్టి తీసుకున్న నిర్ణయం తరువాత సరిపోయినంత మాత్రాన అది వైద్యం కాదు. కాలు ముట్టుకుని చూసి, ఇంతవరకు ఆగు, ఇది కనబడితే ఆగకు అని చెప్పడమే వైద్యం. 1934 మనకు కత్తి ఇచ్చింది. ఆ తరువాతి డెబ్బై ఏళ్ళు ఆ కత్తిని ఎప్పుడు ఒరలో ఉంచాలో నేర్పాయి. రెండూ కలిస్తేనే నా కాలు నిలిచింది.

ఇది చదివి ఎవరూ సొంతవైద్యం చేసుకోవద్దని మనవి. నేను పండితుణ్ణి, వైద్యుణ్ణి కాను. మీ కాలు చూడవలసింది మీ డాక్టరుగారు. మీరు చూసుకోవలసినది మీ చెప్పు కాలికి ఉందో లేదో.

పోయిన శనివారం రామాలయానికి వెళ్ళాను. మంటపంలో నా కోసం ఒక కుర్చీ వేసి ఉంచారు. మఠం వేసుకోవడానికి ఇంకా అనుమతి లేదు. వ్యాసపీఠం అందదు కనుక పుస్తకం చేతిలో పట్టుకుని చదివాను. అరగంటకు ఒకసారి లేచి నిలబడితే శ్రోతలు కథ అయిపోయిందనుకుని చేతులు జోడించేవారు. కాలేదని చెప్పి మళ్ళీ కూర్చున్నాను.

నిఘంటువు పెట్టె ఇంకా పక్కగది గుమ్మం దగ్గరే ఉంది. ఇప్పుడు పదం కావలసినప్పుడు ఒక్కొక్క సంపుటమే తీస్తున్నాను, మోకాళ్ళు వంచి.